రాత్రికి రాత్రి దిగిన చెరువు

“ఒక్క రాత్రిల చెరువు మూడడుగులు దిగుతదా మేడం?”

కుర్చీ చూపించినా కూర్చోకుండానే అడిగింది ఫెబా. ముప్పై అయిదేళ్ళుంటాయి. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ళకు చాక్‌పీసు పొడి అంటుకునే ఉంది.

రాజకుమారి టీ గ్లాసు పక్కన పెట్టింది. పదేళ్ళు పోలీసు క్లూస్ టీమ్‌లో పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి, చౌరస్తాలో టిఫిన్ సెంటర్ పైన ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. పక్క టేబుల్ దగ్గర అసిస్టెంటు భూపాల్ పెన్ను తీశాడు.

“దిగదు,” అంది రాజకుమారి. “దిగిందని ఎవరన్నరు?”

“దిగలేదనే అంటున్నరు. అందుకే మా నాయిన దొంగైండు.”

ఆ తర్వాత ఆమె కూర్చుంది. ఒక్కొక్కటే చెప్పింది.

తండ్రి పేరు సామ్యేల్. బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్ళు సర్దార్. ప్రతి షిఫ్టుకూ ముందుగా లోపలికి పోయి, పైకప్పు తట్టి చూసి, గ్యాస్ చూసి, దిగొచ్చని సంతకం పెట్టే పని. రిటైరయ్యాక బుంగల చెరువును కాపలా కాసే వలంటీర్ల గుంపులో చేరాడు. పదిమంది ఉంటారు. కొందరు నెలనెలా నీటిని పరీక్షిస్తారు, కొందరు పిట్టల్ని లెక్కపెడతారు. పొద్దున్నే తూము దగ్గరికి పోయి నీటి మట్టం రాయడం సామ్యేల్ వంతు. మూడేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు.

“ఆ అంకె ఊరికే రాసేది కాదు మేడం. చెరువు మీద మూడు మోటార్లున్నయి. నీళ్ళు తొమ్మిదడుగులకు కిందికొస్తె మూడూ బంద్ చెయ్యాలె. పిట్టలకు, చేపలకు, గొడ్లకు నీళ్ళుండాలని ఊరంతా కూసోని పెట్టుకున్న కట్టుబాటు. మంగళవారం పొద్దున నాయిన తొమ్మిదడుగుల రెండంగుళాలని రాసిండు. బుధవారం ఇరిగేషన్ ఇంజనీరు వచ్చి కొలిస్తె ఆరడుగుల నాలుగంగుళాలు. నాయిన కొలబద్ద చూస్తె అది గూడ ఆరడుగుల నాలుగే.”

“అంటే మీ నాయిన మోటార్లోళ్ళతో కుమ్మక్కై, ఇంట్ల కూసోని అంకెలు రాసిండని అంటున్నరు.”

“ఏ అంకె నిజమో తేలేదాక మోటార్లు నడుస్తనే ఉంటయట. ఆదివారం మీటింగుల ఆయన్ను తీసేస్తరు, మూడేండ్ల పుస్తకాలు పారేస్తరు. అది పోనీ మేడం.” ఫెబా వేళ్ళకున్న పొడి దులుపుకుంది. “నిన్న అన్నం ముందర కూసోని ఏమన్నడో తెలుసా? ‘నా సంతకం చూసి మనుషులు గనిలకు దిగిన్రు. అవుట్ల గూడ ఒక్కటన్న తప్పు పెట్టిన్నా అని యాది చేసుకుంటున్న’ అన్నడు.”

రాజకుమారి లేచింది. “భూపాల్, బండి తియ్యి.”

* * *

భూపాల్ పుట్టి పెరిగింది గోదావరిఖనిలోనే. అయినా ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్టల వెనక ఇలాంటి చోటొకటి ఉందని అతనికి తెలియదు. బూడిదరంగు గుట్టల మధ్య మలుపు తిరగ్గానే నీళ్ళు తళుక్కుమన్నాయి. నీళ్ళ మీద వందలకొద్దీ పిట్టలు. బండి శబ్దానికి ఒక గుంపు లేచి, గాలిలో దుప్పటి దులిపినట్టు ఒక్కసారి తిరిగి మళ్ళీ వాలింది. భూపాల్ హెల్మెట్ తియ్యడం మర్చిపోయి నిలబడ్డాడు.

“నోరు మూసుకో భూపాల్, దోమలు పోతయి,” అంది రాజకుమారి. కానీ ఆమె కూడా కాసేపు కదల్లేదు.

పిట్టల పుస్తకం రాసేది దీప. పోస్టాఫీసు ఉద్యోగి. ఆమె వాళ్ళను ఒడ్డు వెంట తీసుకుపోయింది. నీటి అంచుకు ఇవతల మట్టి ఎండి, పెంకుల్లా పగిలింది. పగుళ్ళలో పచ్చగడ్డి.

“ఈ గడ్డి వయసెంత?”

“నెలన్నర ఉంటది మేడం.”

భూపాల్ వంగి ఒక గడ్డిపరక లాగి చూశాడు. చెరువు రాత్రికి రాత్రి దిగలేదన్న మాట. నెలల తరబడి దిగుతూ వచ్చింది. మరి పుస్తకంలో తొమ్మిదడుగులు ఎలా ఉన్నాయి? ఫెబా ముఖం గుర్తొచ్చి అతను తల దించుకున్నాడు.

తూము గోడ మీద సామ్యేల్ నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, కళ్ళజోడు, చేతులు వెనక్కి. గోడకు రెండు బారల దూరంలో నీళ్ళలో ఒక ఇనుప గొట్టం నిలువుగా ఉంది. దాని మీద తెల్లరంగుతో అడుగులు, అంగుళాలు.

“ఇదేనా కొలబద్ద?”

“గనిల పైకప్పుకు పెట్టే స్టీలు ప్రాప్ బిడ్డా. స్క్రాప్‌ల కొన్నం. కింది గొట్టాన్ని సిమెంటుల పాతినం. పై గొట్టం అండ్లకు దిగుతది. కావాల్సిన ఎత్తుకు లేపి పిన్ను పెడితె కదలదు.”

“ఒడ్డు దూరం పోతున్నట్టు మీకు అనిపించలేదా?”

సామ్యేల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అనిపించింది. రెండు కండ్లకూ ఆపరేషనైంది బిడ్డా. అక్కడ ప్రాప్ తొమ్మిదని చెప్తుంటె, నా కండ్లను నమ్ముతనా?”

రాజకుమారి భూపాల్ వైపు చూసింది. అతను ప్యాంటు మడిచాడు. మడిచి లాభం లేకపోయింది, ప్రాప్ పాతిన సిమెంటు దిమ్మె మీద నిలబడినా నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. రెండు గొట్టాలూ కలిసేచోటు నీటికింద మూరెడు లోతులో ఉంది. చేతికి మొదట తగిలింది తెగిన గొలుసు ముక్క, తుప్పు పట్టింది. తర్వాత పిన్ను. దాన్ని వదులు చేసి చూశాడు. నున్నటి కొత్త ఇనుము. చివర ఉంగరంలా రింగు, రింగుకు ఎర్రరంగు.

“మీ ప్రాప్ పిన్ను ఇట్లనే ఉంటదా?”

సామ్యేల్ కళ్ళజోడు సర్దుకున్నాడు. “కాదు. మాది నల్లటి మొండిపిన్ను. పోగొట్టుకోకుండ గొలుసుకు కట్టి ఉంటది.”

“మళ్ళీ అక్కడనే పెట్టు భూపాల్. సామ్యేల్ గారూ, ఆదివారం దాకా ఈ సంగతి మనలోనే ఉండాలె.”

* * *

మోటార్ల యజమానులు ముగ్గురు.

లింగమూర్తి గనిలో ప్రాప్‌లు నిలబెట్టే టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు బెండతోట వేశాడు. సామ్యేల్ పేరెత్తగానే మండిపడ్డాడు.

“సర్దారంటె నాకు దేవుని లెక్కుండె. గిప్పుడేమంటున్నడు? చెరువే రాత్రికి తాగి పండుకున్నదంటడా? ముప్పై నాలుగేండ్లు పైకప్పు సూసినోనికి కండ్ల ముందటి నీళ్ళు కనబడలేదంటె నేన్నమ్మాల్నా?”

“ఇంజనీరు వస్తున్నట్టు నీకెప్పుడు తెలిసింది?”

“మంగళవారం పొద్దుగూకినంక. మా ముగ్గురికే నోటీసిచ్చిన్రు. వలంటీర్లకు తెల్వది.”

రెండోవాడు రాయమల్లు, గనిలో బొగ్గు నింపే పనిచేసి రిటైరైనవాడు. మూడెకరాల వరి. అతనిదీ అదే మాట, అదే కోపం.

మూడోవాడు వేణుమాధవ్. అయిదేళ్ళ కిందట కరీంనగర్ నుంచి వచ్చి బూడిద ఇటుకల ఫ్యాక్టరీ పెట్టాడు. గుంపులో అందరికీ బూట్లు, పుస్తకాలు కొనిచ్చేది ఆయనే. వాళ్ళు వెళ్ళేసరికి ఇటుకల మిషన్ ఆగి ఉంది. అచ్చుపెట్టె నాలుగు మూలల్లో మూడింటికి ఎర్రరింగు పిన్నులు, నాలుగోచోట వంచి దూర్చిన ఇనుప చువ్వ.

“పాపం పెద్దాయన,” అన్నాడు వేణుమాధవ్. “వయసు మీద పడింది. నేను మీటింగులో కూడా గట్టిగా మాట్లాడను. గౌరవంగా పంపించేద్దాం.”

బయటికొచ్చాక భూపాల్ గుసగుసలాడాడు. “మేడం, ప్రాప్ మీద బూడిద కూడ ఉండె. ఈయనదే.”

“రామగుండం కరెంటు ప్లాంటు పక్కన బతుకుతూ బూడిద సాక్ష్యమంటవా? నీ చొక్కా దులుపు, నువ్వే ముద్దాయివైతవు.”

ఆ సాయంత్రం ఆమె నీటి పుస్తకాన్నీ పిట్టల పుస్తకాన్నీ టేబుల్ మీద పక్కపక్కన పరిచింది. గంటసేపు రెండింట్లో తేదీలు సరిచూసింది. తర్వాత దీపకు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“ఎర్రకాళ్ళ కొంగకు కాలు ఎంత పొడుగుంటది?”

* * *

ఆదివారం పొద్దున తూము గోడ మీద పదిమంది వలంటీర్లు, ముగ్గురు మోటార్ల యజమానులు చేరారు. సామ్యేల్ చివర నిలబడ్డాడు. ఫెబా అతని చెయ్యి పట్టుకుంది.

“చెరువు రాత్రికి రాత్రి దిగలేదు,” అని మొదలుపెట్టింది రాజకుమారి. “ఒడ్డు మీది గడ్డి వయసే నెలన్నర. అయితే ఎప్పటి నుంచి, ఎంతెంత దిగింది? అది రాసిపెట్టిన సాక్షులున్నరు.” ఆమె నీళ్ళవైపు చూపింది. “అదిగో, రెండో బండ. ప్రాప్ మీద తొమ్మిదడుగులుంటే అక్కడ మూడున్నర అడుగుల లోతు. ఫిబ్రవరిలో అక్కడ నామంకోళ్ళు ఈదుతున్నయని దీప రాసింది. సరే. మార్చి పన్నెండున అదే బండ దగ్గర ఎర్రకాళ్ళ కొంగలు, పొట్టకు నీళ్ళు తాకుతూ నిలబడ్డయి. కొంగ కాలు అడుగున్నర. ఏప్రిల్‌లో జానెడు కాళ్ళ ఉల్లంకి పిట్టలు నిలబడ్డయి. ఆ రోజుల్లో నీటి పుస్తకంలో తొమ్మిదడుగులే. కొంగ మూడున్నర అడుగుల నీళ్ళల్ల నిలబడుతదా?”

అందరి కళ్ళూ బండవైపు తిరిగాయి. అక్కడ పొడుగు కాళ్ళ పిట్టలు ఇంకా తాపీగా మేస్తున్నాయి. రెండు నెలలుగా ఈ పిట్టలు కాళ్ళతో చెరువును కొలుస్తూనే ఉన్నాయి. దీప రాస్తూనే ఉంది. రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టినవాళ్ళే లేరు.

“పిట్టలు అబద్ధం ఆడలేదు గద,” అన్నాడు లింగమూర్తి. “అంటే సర్దారే ఆడిండు.”

“లేకుంటే ప్రాప్ ఆడింది. నీళ్ళు రెండంగుళాలు దిగితే ప్రాప్‌ను కూడ రెండంగుళాలు దించితే చాలు. అంకె కదలదు. ఇంజనీరు వస్తున్నడని తెలిసిన రాత్రి దాన్ని మళ్ళీ పాత ఎత్తుకు లేపిన్రు. ఆ తొందరల గొలుసు తెగి అసలు పిన్ను నీళ్ళ పాలైంది. నోటీసు అందింది మీ ముగ్గురికే.”

“ముప్పై నాలుగేండ్ల మనిషికి ప్రాప్ కుంగుతున్నది కనబడదా?” లింగమూర్తి వదల్లేదు.

“దానికి జవాబు నువ్వే చెప్తవు లింగమూర్తన్నా. భూపాల్, పిన్ను తియ్యి.”

భూపాల్ అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. పిన్ను లాగేశాడు. పై గొట్టం ఒక్కసారిగా జారి దభీమని దిగింది.

ఆ క్షణం గోడ మీద జరిగింది భూపాల్ చాలా ఏళ్ళు తల్చుకున్నాడు. సామ్యేల్ కూతుర్ని ఒక్క చేత్తో వెనక్కి లాగాడు. రాయమల్లు రెండడుగులు వెనక్కి దూకాడు. లింగమూర్తి చెయ్యి తలకు అడ్డం పెట్టుకున్నాడు. ముగ్గురూ తలలు పైకెత్తి చూశారు. పైన నీలాకాశం తప్ప ఏమీ లేదు. అయినా ముగ్గురూ ఊపిరి బిగబట్టి, ఆ ఆకాశం కూలుతుందేమోనన్నట్టు చూస్తూనే ఉన్నారు.

వేణుమాధవ్ ఒక్కడే నీళ్ళకేసి చూస్తున్నాడు.

“చూసినవా లింగమూర్తన్నా,” అంది రాజకుమారి మెల్లగా. “నిలబెట్టిన ప్రాప్ మీద ఎవరన్న చెయ్యేస్తరని సామ్యేల్ గారికి కలల గూడ రాదు. దాని కింద ముప్పై నాలుగేండ్లు బతికిన మనిషి. కండ్లకూ ప్రాప్‌కూ తేడా వస్తే కండ్లదే తప్పనుకున్నడు. ఈ పని గనిల దిగని మనిషి చేసింది.” ఆమె భూపాల్ దగ్గర పిన్ను అందుకుని ఎత్తి చూపింది. “ఎర్రరింగు. వేణుమాధవ్ గారూ, మీ మిషన్ నాలుగో మూలలో చువ్వ ఎందుకు పెట్టిన్రు?”

వేణుమాధవ్ పెదాలు తడుపుకున్నాడు. “ఇటుకలు పద్నాలుగు రోజులు తడవకపోతే పొడైపోతాయి. రెండు నెలలు మోటారు ఆపమంటే ఫ్యాక్టరీ మూసుకోవాలి. నీళ్ళే కదా, వానకు మళ్ళీ నిండుతాయనుకున్నాను.”

“నీళ్ళే,” అంది దీప. “మరి మాకు బూట్లు కొనిచ్చింది ఎందుకు, బురద అంటకుండనా?”

ఆరోజే మండలాఫీసులో ఫిర్యాదు ఇవ్వాలని వలంటీర్లు తీర్మానించారు.

భూపాల్, రాయమల్లు కలిసి ప్రాప్‌ను పాత రంధ్రం దాకా లేపి బోల్టు బిగించారు. అంతసేపూ లింగమూర్తి దూరంగా నిలబడి తువ్వాలతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరికి దగ్గరికొచ్చాడు.

“ఎంతున్నది సర్దార్?”

సామ్యేల్ గోడ మీద మోకాళ్ళూని వంగాడు. తొందరపడలేదు.

“ఆరడుగుల రెండంగుళాలు.”

లింగమూర్తి ప్రాప్ వైపు చూడలేదు. తువ్వాల భుజాన వేసుకుని కట్ట దిగి తన మోటారు వైపు నడిచాడు. బెండతోట పూత మీదుంది, ఇంకా నాలుగు తడులైనా కావాలి. అతను ఎక్కడా ఆగలేదు. కాసేపటికి మోటారు చప్పుడు ఆగింది.