మాయమైన జమ్ము పుస్తకం

మారికుప్పం స్టేషన్ ఎదుట ఉన్న ఆఫీసును డిటెక్టివ్ రఘునందన్ అప్పుడే తెరిచాడు. వెనకే ఒకావిడ రొప్పుతూ వచ్చింది.

"అప్పా, నా బిడ్డ పుస్తకం పోయినాది. ఇంగ బిడ్డ ఏమైపోతాదో!"

"ముందు మంచినీళ్ళు తాగండమ్మా" అంది అసిస్టెంటు నయన.

ఆమె బూదికోట ఊరి జయలక్ష్మమ్మ. కూతురు సుప్రీత తొలినాటి క్రైస్తవ గ్రంథాల మీద పిహెచ్.డి. చేస్తోంది. వాటిని రాసింది పేరున్న లేఖకులు కాదు, మామూలు ఇళ్ళవాళ్ళేనని ఆమె వాదన. అప్పటి పుస్తకం ఎట్లుండేదో చూపడానికి చెరువులో పెరిగే జమ్ము గడ్డిని చీల్చి, రాగి గంజితో అంటించి, గ్రీకు అక్షరాలు రాసి, చెక్క అట్టల మధ్య చిన్న పుస్తకంగా కుట్టింది. శుక్రవారం దాన్ని ప్రొఫెసర్ల ముందు పెట్టాలి. ఈ పొద్దున తాళం తీసి చూస్తే గదిలో చెక్క అట్టలే మిగిలాయి.

"మా మరిది ఆవులప్ప మీదే అనుమానం. మనకెందుకు వాళ్ళ బైబులు అని రోజూ దెప్పతాడు. లేకుంటే బిడ్డతో చదివే సునీల్‌కుమార్. నిన్న వచ్చి గొడవ పడి పోయినాడు."

ముగ్గురూ బూదికోటలో ఇల్లు చేరగానే జయలక్ష్మమ్మ వాళ్ళకు ఉప్మా పెట్టింది. నయన ఒక ముద్ద తిని ఆగిపోయింది.

"ఉప్పు మరిచినట్టున్నారు ఆంటీ."

"అయిపోయినాదమ్మా. నిన్ననే పాకెట్ తెచ్చినాను."

రఘునందన్ తినేసి సుప్రీత గదిలోకి వెళ్ళాడు. తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి జయలక్ష్మమ్మ కొంగుకే ఉంది. కిటికీకి ఊచలు, అవతల పశువుల కొట్టం. కిటికీ కింద పడిన అట్టలు ఇంకా తడిగా ఉన్నాయి.

"పుస్తకం ఎక్కడ పెట్టావమ్మా?"

"బల్ల మీద సార్" అంది సుప్రీత, కళ్ళు తుడుచుకుంటూ.

తన మీద అనుమానమని వినగానే ఆవులప్ప ఎగిరిపడ్డాడు. "నాకిష్టం లేదు, నిజమే. ఆ జమ్ము కోసి తెచ్చింది ఎవురనుకొన్నావప్పా? నేనే!"

కబురందుకుని వచ్చిన సునీల్‌కుమార్ తల దించుకున్నాడు. "వాదించాను సార్. ప్రొఫెసర్లు ఇంకా గట్టిగా అడుగుతారు కదా."

రఘునందన్ అందరినీ పెరట్లోకి పిలిచాడు.

"దొంగకు తాళంచెవితో పని లేదు. పొడుగాటి నాలుక చాలు."

అందరూ కొట్టంలో నెమరు వేస్తున్న ఆవు గౌరి వైపు తిరిగారు.

"ఎదురుగా గడ్డి పెట్టుకుని ఎండు జమ్ము కోసం ఆవు మెడ చాస్తుందా? దానికి రుచి తగిలింది. బల్ల మీది పుస్తకాన్ని కిటికీలోకి తెచ్చింది తాళంచెవి ఉన్నవాళ్ళే. ఉప్మాలో లేని ఉప్పు ఎటు పోయిందమ్మా?"

జయలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పురుగు పట్టి బిడ్డ చదువు పోతాదని రాత్రి ఉప్పునీళ్ళు పూసినాను. గాలికి ఆరతాదని కిటికీలో పెట్టినాను... అయ్యో, ఆ సిరా తిని గౌరికేమన్నా అయితే!"

ఏడుస్తున్న సుప్రీతకు నవ్వొచ్చింది. అంతలోనే ముఖం వాడిపోయింది. "శుక్రవారం లోపల నేనొక్కదాన్నే మళ్ళీ యాడ చేసేది?"

"ఒక్కరే చెయ్యాలని నీ వాదనలో ఉందా?" అన్నాడు రఘునందన్.

నయన ఆయన వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆవులప్ప అప్పటికే కొడవలి తీసుకుని చెరువు దారి పట్టాడు.

శుక్రవారం పరీక్ష గది బయట జయలక్ష్మమ్మ నయన చేయి వదల్లేదు. "లోపల నవ్వతా ఉండారే. తప్పు పోయినట్లుండాది."

తలుపు తెరుచుకుంది. సుప్రీత పరుగున వచ్చింది.

"పాసైనానమ్మా! ఇన్ని రకాల చేతిరాతలు ఎవరివని అడిగినారు. మా ఇంటోళ్ళవి అన్నాను. నువ్వు ముగ్గు మాదిరి గీసిన పుటనే ఎక్కువసేపు చూసినారు."

"గీత వంకర పోయినాదా?"

"పోయినాది. అందుకే నా వాదన నమ్మినారు."