ఖాళీ చుట్టూ తిరిగే నక్షత్రం

నాకు చదువబ్బలేదు, నక్షత్రాల పిచ్చి మాత్రం జిడ్డులా పట్టుకుంది. నాగనో కొండమీది పాత వేధశాలలో నన్ను రాత్రిళ్ళు పనిచెయ్యనిచ్చింది నా ప్రతిభ చూసి కాదు. ఆ చలికి పట్టా ఉన్నవాడెవడూ రాడు కనుక.

నేను వెంటాడుతున్న నక్షత్రం ఖాళీ చుట్టూ తిరుగుతోంది. ఖాళీ ఊరికే ఎవర్నీ తిప్పదు. అక్కడ కృష్ణబిలం ఉండాలి. అది కనబడదు, పక్కవాడి తిరుగుడు చూసి పోల్చుకోవాలి. ఆ రాత్రిది చివరి కొలత. తప్పితే నక్షత్రం సూర్యుడి వెనక్కి పోతుంది, ఈలోగా ఇంకెవడో పేరు కొట్టేస్తాడు.

గుమ్మటం వాకిట్లో ఒక జత పాత చెప్పులు ఎప్పుడూ లోపలివైపు తిరిగి ఉంటాయి. నాకంటే ముందు ఇక్కడ పనిచేసి, దుర్భిణి దగ్గరే ప్రాణం పోయిన హతనాకా గారివి.

"వాటి జోలికెళ్ళకు ఇజావా," అంది కాపలా చూసే కువబాతా అవ్వ.

"పోయి పదేళ్ళయినా ఆయన డ్యూటీ దిగలేదా అవ్వా?"

"నీ వెటకారం చలికి చెప్పుకో, నాయనా," అని కొండ దిగిపోయింది.

అతిథి చెప్పుల్ని వెళ్ళేవైపు తిప్పి పెట్టడం మా ఇళ్ళలో మర్యాద. తిప్పాను. "ఇక దయచెయ్యండి హతనాకా గారూ!" అని వంగి మరీ సాగనంపాను. దెయ్యాన్ని వెక్కిరించే ధైర్యం నాకుంది. అవ్వ చూస్తుండగా ఆ చెప్పులు ముట్టుకునేది మాత్రం లేదు.

పక్కగదిలో కంప్యూటర్ తెర ముందు కూర్చున్నాను. కిరోసిన్ పొయ్యి వాసన. కప్పుమీది మంచుపొడిని గాలి, దుర్భిణి కోసం తెరిచిన గుమ్మటం చీలికలోంచి లోపలికి చల్లుతోంది.

టప్... టప్...

గుమ్మటంలో ఎవరో నడుస్తున్నారు. గుండ్రంగా. తలుపు తియ్యాలంటే దీపం వెయ్యాలి. దీపం వేస్తే కొలత పోతుంది.

టప్... టప్...

లేవలేదు. భయంకంటే ఆశ పెద్దది. తెల్లారేదాకా కుర్చీ వదల్లేదు. కొలత దొరికింది. కనబడనిది ఎనిమిది సూర్యుళ్ళ బరువు.

పొద్దున్నే అవ్వ గుమ్మటం తలుపు తీసింది. నేలమీది మంచులో అడుగుల వలయం. కుడి మడమ చిరిగిన చెప్పు గుర్తు... గదిలో నేను తొడుక్కునే చెప్పుదే.

"రాత్రంతా ఎవరి చుట్టూ తిరిగావయ్యా?" అంది మెల్లగా.

నా మేజోళ్ళు తడిసి ఉన్నాయి.

బూట్లు తొడుక్కుని, కొండ దిగి ఇంటికొచ్చాను. నేను ఒంటరివాణ్ణి. వాకిట్లో బూట్లు విసిరేసి, మొహం కడుక్కుని వచ్చి చూశాను.

నా బూట్లు ఎవరో పొందిగ్గా జతచేసి, బయటికి తిప్పి పెట్టారు.