అర్ఫా కళ్ళద్దాలు

"నమ్మి మనిషిని పంపితే ఇదా చెల్లెమ్మా మీరిచ్చేది?" మెకానిక్ తిరుపతిరావు ఫ్యాన్ బెల్టును బల్ల మీద విసిరాడు. "నలభై మూడో నంబరు అడిగితే నలభై ఎనిమిది ఇచ్చారు! చల్లపల్లి అరటిగెలల లోడుతో లారీ పొద్దుటి నుంచీ ఎండలో మాడుతోంది. ఇరవై ఏళ్ళలో ఖయ్యూమ్ భాయ్ ఒక్కసారన్నా ఇట్టా చేశాడా? ఇక మా షెడ్డోళ్ళెవరూ ఈ గుమ్మం తొక్కరు!"

సాలేహా ఆ బెల్టును అందుకుని నంబరు చూసింది. భర్త ఖయ్యూమ్ కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఆటోనగర్‌లోని ఈ స్పేర్ పార్టుల కొట్టే తమకు ఆధారం. అది నడిచేది ఆయన మీదున్న నమ్మకంతో... ఆ నమ్మకం కాస్తా ఇవాళ పోతుందా?

పది రోజుల కిందట పెద్ద కూతురు అఫ్సాను ముందు కుర్చీలో కూర్చోబెట్టింది తనే. ఆ పిల్ల ముఖం చూస్తే దారినపోయేవాళ్ళు కూడా ఆగుతారనుకుంది. ఆగారు కూడా! డిగ్రీలో ఫస్టుక్లాసు తెచ్చుకున్న చిన్నది అర్ఫాను మాత్రం వెనక సామాను గదిలో, నంబరు చూసి పార్టులు తీసిచ్చే పనికి ఉంచింది. "మనుషులొచ్చినప్పుడు ఆ సోడాబుడ్డి అద్దాలు తీసెయ్యవే! సంబంధాలవాళ్ళ చెవిన పడితే..." అని రోజూ పోరేది.

సాలేహా విసురుగా వెనక గదిలోకి వెళ్ళింది. "తెలివైన పిల్ల, తెలివైన పిల్ల అని మీ అబ్బా నెత్తికెక్కించుకున్నాడే! ఒక్క నంబరు చదవలేకపోయావా?"

అర్ఫా తలవంచుకుంది. వెనకే వచ్చిన అఫ్సా ఊరుకోలేదు. "అద్దాల్లేకపోతే దానికి మూడూ ఎనిమిదీ ఒక్కలాగే ఉంటాయి అమ్మీ! పొద్దున బెల్టు కోసం మనిషి రాగానే నువ్వే లాక్కుని సంచిలో వేసుకోలేదూ?"

సాలేహా సంచిలో చెయ్యి పెట్టింది. అద్దాలు చేతికి తగిలాయి... కళ్ళు నిండిపోయాయి.

"చెప్పొచ్చుగా తల్లీ!"

"నీకు నామోషీ అనీ..."

సాలేహా కొంగుతో అద్దాలు తుడిచి, తన చేతులతోనే కూతురికి పెట్టింది.

అర్ఫా మొదటిసారి ముందు బల్ల దగ్గరికి వచ్చింది. సరైన బెల్టు ఇచ్చి, తిరుపతిరావు లారీ నుంచి విప్పి తెచ్చిన తెగిన పాతదాన్ని తిప్పి చూసింది. "ఒక పక్కే అరిగింది అన్నా. బెల్టు తిరిగే పుల్లీ చక్రం వంకరగా ఉన్నట్టుంది. అది సరిచెయ్యకపోతే కొత్తది కూడా తెగుద్ది."

తిరుపతిరావు కోపం చల్లారింది. "అచ్చం ఖయ్యూమ్ భాయ్ మాటే! సరే, రేపు మావాళ్ళని పంపుతా... ఆ అద్దాలు మాత్రం తియ్యమాకమ్మా!"

అఫ్సా కుర్చీని చెల్లెలి వైపు తోసింది. "కూర్చోవే! పది రోజులుగా నవ్వీ నవ్వీ నా దవడలు పీకుతున్నాయి!"

సాలేహాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

సాయంత్రం సిటీబస్సులో అర్ఫా తల్లి భుజం మీద నిద్రపోయింది. అద్దాలు ముక్కు చివరికి జారాయి. ఎదురు సీటులో ఎవరో పెద్దావిడ వాళ్ళనే చూస్తోంది. సాలేహా చెయ్యి అలవాటుగా అద్దాల దాకా వెళ్ళింది...

తియ్యలేదు. వేలితో మెల్లగా పైకి జరిపి, "మా చిన్నమ్మాయండీ," అంది.