పగిలిన రివెట్లు

1943 ఫిబ్రవరి పన్నెండు, శుక్రవారం. మెల్‌బోర్న్ నిప్పుల కొలిమిలా ఉంది. డిటెక్టివ్ లయనెల్ ట్రాంటర్, ఆయన సహాయకురాలు ఈడిత్ మున్రో ఆఫీసులో చల్లారిన మాంసం ముక్కలు, బీట్‌రూట్, రొట్టెతో భోజనం ముగిస్తుండగా ఒక అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. ఒంటిమీద నూనె మరకల ఓవరాల్, తలకు గళ్ల రుమాలు.

"నా పేరు నోర్మా జనెల్లా. విమానాల ఫ్యాక్టరీలో రెక్కల రేకుల్ని కలిపే రివెట్లు కొడతాను. అవి పగులుతున్నాయి. కావాలనే పాడుచేశానని కాగితం మీద నా పేరు రాసి గేటుకి అంటించారు సార్. సోమవారం పోలీసులకి అప్పగిస్తారట."

"మీరే ఎందుకు?"

"మా నాన్న ఇటలీవాడు. శత్రుదేశస్థుల క్యాంపులో పెట్టారు. ఇంతకన్నా రుజువేం కావాలి వాళ్లకి? తప్పొప్పుకుని సంతకం పెట్టమన్నారు. ఫోర్‌మన్ ముందే ఆ కాగితం చింపేశాను."

ట్రాంటర్ తనకు మిగిలిన రొట్టె ముక్కను ఆమె ముందుకు జరిపాడు. అలాంటి పనులు ఆయన ఎవరికీ కనబడకుండా చేసేవాడు. ఈడిత్‌కు మాత్రం కనబడేవి.

ముగ్గురూ ఫ్యాక్టరీకి వెళ్లారు. అక్కడ నోర్మాకు జోడీ బెరిల్ హాకింగ్. నోర్మా బయటినుంచి రివెట్ గన్‌తో కొడితే, బెరిల్ రెక్క లోపలికి దూరి ఇనుపదిమ్మె అదిమి పట్టుకుంటుంది.

"మెత్తగా అణగాల్సిన రివెట్ రాయిలా ఎదురు తంతోంది సార్," అంది బెరిల్. " అదీ శుక్రవారాలే. చెబితే ఫోర్‌మన్ పాస్క్ గారు, ఆడచేతుల్లో బలం లేదన్నారు. శుక్రవారం ఆయన మహా హుషారు లెండి! ఎదురు పబ్బుకి బీరొచ్చే రోజు."

"కానీ పబ్బు ఆరింటికే మూసేస్తారుగా?" అన్నాడు ట్రాంటర్.

"మా షిఫ్టేమో ఏడింటిదాకా. పాపం ఆయన!"

ఫోర్‌మన్ క్లారీ పాస్క్ నవ్వుతూ ఎదురొచ్చాడు. కొలిమిలో కాల్చిన రివెట్లు బయట ఉంచితే గట్టిపడతాయని, అందుకే మంచుపెట్టెలో దాస్తామని చెప్పాడు. "తాళంచెవి నా నడుముకే. ఇంకొకరు ముట్టరు. ఎండలో వచ్చారు, కాస్త గొంతు తడుపుకోండి." బీరు సీసా అందించాడు. పట్టుకోగానే ఈడిత్ వేళ్లు జివ్వుమన్నాయి. ట్రాంటర్ తాగకుండా తిరిగిచ్చాడు.

సాయంత్రం ట్రాంటర్ ఫ్యాక్టరీ మేనేజరునీ, పాస్క్‌నీ, అమ్మాయిలిద్దరినీ రెక్క చుట్టూ నిలబెట్టాడు. కొలిమి గది నుంచి అప్పుడే తెప్పించిన రివెట్‌ను నోర్మా కొట్టింది. వెన్నలా అణిగింది. మంచుపెట్టెలోది కొట్టింది. అంచు చిట్లింది.

"చెయ్యి ఒకటే. రివెట్లే వేరు," అన్నాడు ట్రాంటర్. "ఈ ఎండల్లో ఊళ్లో ఎక్కడా మంచు దొరకడం లేదు. పాస్క్ గారి సీసా మాత్రం చల్లగా ఉంది. పబ్బు మూసేలోపే కొని తెచ్చిన సీసాలు ఆ మంచుపెట్టెలో పట్టాలంటే రివెట్ల ట్రే బయటికి రావాలి. ఎండకి గట్టిపడ్డాక మళ్లీ లోపల పెడితే మెత్తబడవు."

"ఏదో రెండు సీసాలు..." పాస్క్ నసిగాడు.

"పగుళ్లు బయటపడ్డాక మీకు నోరెత్తలేని మనిషి కావలసొచ్చింది. అక్కడే పొరపడ్డారు."

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. "పాస్క్ సంగతి నేను చూస్తాను. అయిందేదో అయింది. అమ్మాయ్, సోమవారం మామూలుగా పనిలోకి రా."

"గేటుకి నా పేరు అంటించేటప్పుడు గుట్టుగా అంటించారా?" అంది నోర్మా. "అది మా నాన్న ఇంటిపేరు. మీ చేత్తోనే పీకండి. అందరి ముందూ తప్పైందని చెప్పండి. అప్పటిదాకా నేను గన్ ముట్టను."

బెరిల్ ఇనుపదిమ్మెను నేలమీద పడేసింది. షెడ్డులో గన్‌లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మేనేజరు గేటు దగ్గర గోళ్లతో కాగితం గీకి, క్షమాపణ చెప్పాడు.

"గట్టిగా! వెనక్కి వినబడట్లా!" అని అరిచింది బెరిల్.

ఆయన మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

చీకటి పడుతుండగా ట్రాంటర్, ఈడిత్ నోర్మాను ఇంటిదాకా దిగబెట్టారు. పోలీసులు వచ్చేస్తారేమోనని, కూతురి బట్టలన్నీ పెట్టెలో సర్ది, వాళ్లమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"అవసరం లేదమ్మా. లోపలికి పద," అంది నోర్మా.

ఒక చేత్తో పెట్టెను, ఇంకో చేత్తో తల్లిని లేపింది. ఇద్దరూ లోపలికి వెళ్లాక, తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.