వంటగట్టు ఎత్తు

కొత్త వంటింట్లో అది మొదటి ఆదివారం. ఉత్తరాన చలిదేశంలోని ఉమెయో ఊళ్ళో నవంబరులో ఎనిమిది దాటితేగాని తెల్లారదు. ఇంగెలా చీకటితోనే లేచి, యాలకుల బన్నుల కోసం పిండి కలిపి గట్టు మీద వేసింది. ఈ వంటింటి పని సాగిన ఆరు నెలలూ నేలమాళిగలో, బట్టలుతికే గదిలో, రెండు పొయ్యిల మీద వండి విసిగిపోయిన మనిషి. ఈ వంటింటి నమూనా ఆమె స్వయంగా గీసుకుంది. కిటికీ పక్కన భోజనాల బల్ల, చేతికందే చోట సరుకుల సొరుగులు, గోడకి కాక ఇంట్లోవాళ్ళకి ఎదురుగా నిలబడి వండుకునేలా పొయ్యి.

పిండి పిసకబోతే భుజాలు చెవులదాకా లేచాయి. మోచేతులు గట్టు అంచుకి కొట్టుకున్నాయి. టేపు తెచ్చి కొలిచింది. నేల నుంచి తొంభై ఎనిమిది సెంటీమీటర్లు! ఆమె ఉన్నదే నూటయాభై ఆరు.

"తోర్‌స్టెన్, గట్టు ఇంత ఎత్తు ఎవరు పెట్టమన్నారు?" భర్త లోపలికి రాగానే అడిగింది.

"వండేవాళ్ళ ఎత్తుని బట్టి పెడతానన్నాడు వడ్రంగి. నువ్వు డ్యూటీలో ఉన్నావు. ద్వారబంధం మీద గీత ఉంది, కొలుచుకోమన్నాను."

ఇంగెలా తల తిప్పి చూసింది. గోడలన్నిటికీ కొత్త రంగు వేసినా ఆ ద్వారబంధాన్ని మాత్రం తోర్‌స్టెన్ ముట్టుకోనివ్వలేదు. దాని మీద కూతురు మోవా ఏటేటా ఎంత పెరిగిందో పెన్సిల్ గీతలు ఉన్నాయి. అన్నిటికీ పైన ఒక గీత, పక్కన 'అమ్మ' అని రాసి ఉంది. ఆ అమ్మ గునిల్లా, తోర్‌స్టెన్ మొదటి భార్య. మంచి పొడగరి. పోయి పదకొండేళ్ళయింది.

తోర్‌స్టెన్ కూడా అటు చూశాడు. మొహం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు. మూలనున్న పీట తెచ్చి గట్టు ముందు వేశాడు.

"ఇప్పటికి దీని మీద నిలబడు. తర్వాత చూద్దాం."

పుండు మీద కారం చల్లడమంటే అదే. ఇంగెలా పీటని కాలితో పక్కకి తోసేసింది.

"తొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో నేను పీట మీదే నిలబడ్డాను తోర్‌స్టెన్! నీ కంటికి ఆనలేదు, అంతే."

"నేనేమన్నా కావాలని చేశానా?"

"కావాలని చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నోట్లోంచి వచ్చేసింది చూడు, అదీ బాధ. వంట చేసేదెవరని అడిగితే నీకు ఇప్పటికీ ఆవిడే గుర్తొచ్చింది. ఆవిడ కొలత ఉంది. నా కొలత ఎక్కడుంది? ఒక్కసారైనా ఇలా వచ్చి నిలబడు అన్నావా?"

అతను వంగి పీటని గోడవారకి జరిపాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మోవా గుమ్మంలో ఆగింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, తల్లి పోలికే.

"నాది మాత్రం ఎక్కడుంది నాన్నా?" అంది మెల్లగా. "ఎనిమిదో ఏటి గీతే ఆఖరిది. అమ్మ పోయాక ఈ ఇంట్లో నేనూ పెరగలేదుగా."

ఆ మాట అన్నది తండ్రిని. కానీ సూటిగా వెళ్ళి ఇంగెలాకి గుచ్చుకుంది. ఆమె వచ్చేనాటికి పిల్లకి పదేళ్ళు. జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, ఏటా పుట్టినరోజుకి కేకు చేసింది. పెన్సిల్ మాత్రం ఒక్కనాడూ తియ్యలేదు. అది గునిల్లా గుమ్మం, నాకేం పని అనుకుంది. తన పౌరుషం తాను చూసుకుని, పసిదాన్ని ఎనిమిదో ఏటనే వదిలేసింది. ఇంగెలాకి కళ్ళు మసకబారాయి.

"రావే, ఇలా నిలబడు," అంది సొరుగులోంచి పెన్సిల్ తీసి.

మోవా ద్వారబంధానికి వీపు ఆనించింది. ఆ పిల్ల తల ఇంగెలాకి అందలేదు. ఇందాక తన్నిన పీటనే లాక్కుని ఎక్కి, పిండి అంటిన వేళ్ళతో గీత గీసింది. అది 'అమ్మ' గీతకి రెండు వేళ్ళ కిందికి వచ్చింది.

"ఇప్పుడు నువ్వు," అంటూ మోవా పెన్సిల్ లాక్కుంది. గీత గీసి పక్కన 'ఇంగెలా' అని రాసింది. అమ్మ అని రాయలేదు. రాసినా ఇంగెలా నమ్మేది కాదు. తన పేరు అక్కడ ఉంది, ఆమెకి అది చాలు.

తోర్‌స్టెన్ ఆ గీతను టేపుతో తానే కొలిచాడు. ఆదివారమని కూడా చూడకుండా వడ్రంగికి ఫోన్ చేశాడు.

"గట్టు దించాలండీ, దాని కింది కాళ్ళు కోయాలి. వండే మనిషి ఎత్తు నూటయాభై ఆరు."

అవతల వడ్రంగి గొంతు వంటిల్లంతా వినిపించింది. "మరి మీరు చూపించిన గీత ఎవరిదండీ?"

తోర్‌స్టెన్ 'అమ్మ' గీత మీద వేలు ఆనించాడు.

"ఆవిడ లేరండీ," అన్నాడు. "చనిపోయారు."

ఆ మాట అతని నోట రావడం ఇంగెలా వినడం అదే మొదలు. ఆమె గట్టు దగ్గరికి వెళ్ళి, పీట ఎక్కి, పిండి పిసకడం మొదలుపెట్టింది.