ఎడమకాలి గోలు

గురువారం పొద్దున వెర్న్ హన్రహన్ టీ కప్పు పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. ఫ్రిజ్ తలుపు నిండా అయస్కాంతం బిళ్ళలు, బిళ్ళకో ఆటగత్తె పేరు. ఇరవై రెండేళ్ళుగా అతను జట్టును ఎంచేది ఆ తలుపు మీదే. సాయంత్రం క్లబ్బులో ఆ వరసే చదువుతాడు. శనివారం ఫైనల్. కుర్రాబిన్ ఊరి ఆడపిల్లల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టు ఇంతదాకా రావడం ఇదే మొదలు. నడిమధ్యన తొమ్మిదో నంబరు బిళ్ళ టిల్లీది. అతనికీ భార్య గ్లెనిస్‌కీ ఒక్కగానొక్క కూతురు.

టిల్లీ కళ్ళు చికిలిస్తూ వంటింట్లోకి వచ్చి, వెలుతురు పడనట్టు కర్టెన్ మూసేసింది.

"అమ్మా, ఇవాళ గురువారమేనా?"

టోస్టుకి వెన్న రాస్తున్న గ్లెనిస్ చేయి ఆగిపోయింది. "లేచిన దగ్గర్నుంచి ఇది మూడోసారి అడగడం."

"నిద్ర చాల్లేదమ్మా. ఫైనల్ పెట్టుకుని ఎవరికి నిద్ర పడుతుంది?" అని నవ్వేసి, స్నానానికి వెళ్ళిపోయింది.

గ్లెనిస్ కత్తి పక్కన పెట్టింది. "వెర్న్, పోయిన శనివారం దానికి తలకి తగిలింది కదూ?"

"కడుపులో తగిలి కాసేపు ఊపిరాడలేదంతే."

"నా మొహం చూసి చెప్పు."

అతను చూడలేదు. సెమీఫైనల్ మూడో క్వార్టరులో ఎవరి మోచేయో కణతకి తగిలి టిల్లీ పడింది. లేచాక స్కోరెంతని రెండుసార్లు అడిగింది. ఫస్ట్ ఎయిడ్ మనిషి పరిగెత్తుకొస్తే, "ఏం లేదు, కడుపులో తగిలింది" అని వెర్నే వెనక్కి పంపేశాడు. తలకి దెబ్బని తేలితే మూడు వారాలు మైదానంలో కాలు పెట్టనివ్వరు. అంటే ఫైనల్ లేదు.

గ్లెనిస్ తిన్నగా ఫ్రిజ్ దగ్గరికొచ్చి తొమ్మిదో నంబరు బిళ్ళ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"అక్కడ పెట్టు. కోచ్‌ని నేను."

"కోచ్‌వి సాయంత్రం నుంచి. ఇప్పుడు తండ్రివి."

"అది నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోంది గ్లెన్! నేను దెబ్బ తిని ఆడలేదా? పంతొమ్మిది వందల తొంభైలో తల తిరుగుతూనే లేచి, ఆట ముగిసే సైరన్‌కి ముందు ఎడమకాలితో గోలు కొట్టలేదా? ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది."

"కుడికాలు," అంది గ్లెనిస్.

"ఏంటి?"

"నువ్వు కొట్టింది కుడికాలితో. ఆస్పత్రి మంచం మీద 'మనం గెలిచామా' అని గంటలో పదిసార్లు అడిగావు. నీకేం గుర్తులేదు. ఆ గోలు నీకు చెప్పింది నేను. నేనున్నది అవతలి కొసన, కళ్ళల్లో ఎండ. ఎడమకాలు అనుకుని చెప్పాను. మర్నాడు అందరూ కుడికాలన్నారు. అప్పటికే నువ్వు నీ కళ్ళతో చూసినట్టు చెప్పేస్తున్నావు. నీ మీద గౌరవంతో ఊళ్ళో ఒక్కడూ నిన్ను దిద్దలేదు."

వెర్న్ కుర్చీలో కూలబడ్డాడు. గుర్తులేదన్న సంగతి తనొక్కడికే తెలుసనుకున్నాడు ఇన్నేళ్ళూ.

"మెల్‌బోర్న్‌లో ఆరేళ్ళు పెద్ద ఆట ఆడావు. అందులో ఎన్ని మ్యాచ్‌లు గుర్తున్నాయో నేనెప్పుడూ అడగలేదు," అంది గ్లెనిస్. "అది శనివారం గెలిచినా, ఎలా గెలిచిందో దానికీ నేనే చెప్పాలా?"

గుమ్మంలో టిల్లీ తడి జుట్టుతో నిలబడి ఉంది. అంతా వింది.

"నేనే చెప్పొద్దన్నానమ్మా. నాన్ననేం అనకు. ఆడతాను. నాకేం కాలేదు."

వెర్న్ లేచాడు. "తల్లీ, సెమీఫైనల్లో ఆఖరి గోలు ఎవరు కొట్టారు?"

టిల్లీ నోరు తెరిచింది. చాలాసేపు ఫ్రిజ్ కేసి చూసింది, జవాబు అక్కడెక్కడో ఉన్నట్టు.

"నువ్వేనమ్మా," అన్నాడు వెర్న్.

టిల్లీ తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. "ఇంత చేసింది బెంచీ మీద కూర్చోడానికా? నిన్ను జన్మలో క్షమించను నాన్నా."

"క్షమించకు. గుర్తుపెట్టుకో, చాలు."

ఆ సాయంత్రం క్లబ్బులో వెర్న్ జట్టు పేర్ల కాగితం చదవలేదు. టోపీ తీసి, తలకి తగిలిన దెబ్బని కడుపులో దెబ్బని అబద్ధమాడింది తనేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. తొమ్మిదో నంబరు జెర్సీ ఎవరికిస్తాడా అని అందరూ చూస్తుంటే, టిల్లీయే లేచి దాన్ని మడత విప్పి తన బదులు ఆడబోయే పదిహేడేళ్ళ హేజెల్ భుజాల మీద వేసింది.

"మాసిపోకుండా తీసుకొచ్చావో, చంపేస్తా," అంది. హేజెల్ ఏడుస్తూ నవ్వింది.

తర్వాత ముగ్గురూ మైదానం అంచున బెంచీ మీద కూర్చున్నారు. గోధుమ గిడ్డంగుల వెనక పొద్దు వాలుతోంది. టిల్లీ తండ్రి భుజం మీద తల వాల్చింది. వెర్న్ కదిలితే లేచిపోతుందేమోనన్నట్టు బిగుసుకుపోయాడు.

"గ్లెన్," అన్నాడు చివరికి, మెల్లగా. "ఆ గోలు సంగతి ఇంకోసారి చెప్పు. ఈసారి కుడికాలితో."

గ్లెనిస్ ముక్కు తుడుచుకుని, అవతలి కొసకి చెయ్యి చూపించింది. "అదుగో, నేను అక్కడ నిలబడ్డాను..."