మన్నూ మిగలని చోటు

పుట్టింట్లో తమ్ముడి పెళ్లి చూసుకుని సీతారావమ్మ పోతనాళ దగ్గర, కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపుకు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. కాలవకు నీళ్లొదిలారు. ఇంటిముందు చేనంతా దమ్ము చేసి ఉంది. కొత్త బురద వాసన. అరుగు మీద మొగుడు శేషయ్య తంబుర మీటుతూ, తాను కట్టిన తత్వం పాడుకుంటున్నాడు.

"పండిన గింజకు పొట్టే మిగులు
పండిన ఒంటికి మన్నే మిగులు..."

ఆ పాటకే నిరుడు బసవలింగప్ప కళ్లు తుడుచుకున్నాడు. "ఏదీ మనది కాదప్పా శేషయ్యా" అంటూ ఈ రేగడి చేను వీళ్లకు అమ్మేసి పోయాడు. కోరిందల్లా ఒక్కటే. వాళ్ల లింగాయతుల ఆచారం ప్రకారం నుదుట మూడు విభూతి గీతలు దిద్ది, చేలోనే కూర్చోబెట్టి పూడ్చిన పెళ్లాం అంబమ్మ సమాధి మీద నాగలి పోకూడదు. సీతారావమ్మే మాటిచ్చింది, కూతురు కుసుమ నెత్తిన చెయ్యి పెట్టి.

చేనుకేసి చూసింది. సమాధి దిబ్బ లేదు.

"ఏమయ్యా, అంబమ్మ ఏదీ?"

"మిట్టకు నీళ్లెక్కుతాయటే? సాపు చేయించా. నువ్వుంటే పడనివ్వవని, ఊరెళ్లిన అదను చూసి..." నవ్వాడు. "కాయమే కల్ల అయినప్పుడు సమాధి నిజమా?"

"అది పాట. నేను పెట్టింది ఒట్టు."

"అబ్బో, సత్యవంతురాలు!"

మళ్లీ పాట ఎత్తుకున్నాడు. రెండో పాదం దగ్గర ఊపిరికి ఆగాడు.

పాట ఆగలేదు.

మడిలోంచి వస్తోంది. నీళ్ల కిందనుంచి... ఆడగొంతు.

"మన్నూ మిగలని నాకేమి మిగులు..."

కప్పలు నోళ్లు మూశాయి.

"ఆ పాదం నువ్వు కట్టావా?" గుసగుసగా అడిగింది.

శేషయ్య అడ్డంగా తలూపాడు. తంబుర ఒళ్లోంచి జారిపోయింది.

మడిలో నీళ్లు కదిలాయి. గట్టు దాటి... వాకిలి దాటి... ఇప్పుడా గొంతు సీతారావమ్మ చెవి పక్కనే ఉంది.

"అక్కా... గింత జాగ గూడ ఉంచకపోతిరి. నీ మాట ఏమాయె? బిడ్డ యాడున్నది?"

కుసుమ!

లోపలికి ఉరికింది. ప్రయాణంలో అలిసి ముందే లోపలికెళ్లిన పిల్ల పొయ్యి పక్కన కునుకు తీస్తోంది. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఊపిరి ఆడుతోంది. అమ్మయ్య...

"లేమ్మా." మొహం తనవైపు తిప్పుకుంది.

నుదుటి మీద మూడు విభూతి గీతలు.

కొంగుతో తుడిచింది. పోయాయి.

కొంగు తీసేలోపు... చర్మం లోపలినుంచి తేలినట్టు, ఒక్కొక్కటే మళ్లీ పైకి వచ్చాయి.